ఒకే వడ్డన న్యాయమగునా?



పంక్తిలో వలపక్షము కూడదని మన పెద్దలు చెప్పుదురు. అది మంచి మాటయే. అయితే పాలు మానని పసివాని ముందు కూడ పెద్దలు తిను కూడే వడ్డించి, "అందరికిని సమముగా పెట్టితిమి" అని మనము తృప్తిపడవచ్చునా? విస్తరి నిండెను గాని వాని కడుపు నిండలేదు. సమముగా పెట్టుట వేరు, న్యాయముగా పెట్టుట వేరు.

అమెరికా దేశములోని సాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమందు ఈ ప్రశ్నయే ఒకప్పుడు న్యాయస్థానమున కెక్కెను. చైనా కుటుంబముల పిల్లలు సుమారు 1,800 మంది ఆంగ్లము రాకయే, దానిని నేర్పు ప్రత్యేక సహాయము లేకయే ప్రభుత్వ పాఠశాలలలో కూర్చుండిరి. అందరి పుస్తకములే వారికిని ఇచ్చిరి, అందరి ఉపాధ్యాయులే వారికిని చెప్పిరి. అయినను పాఠము తెలియలేదు. భాష తెలియని బిడ్డకు అదే పుస్తకము ఇచ్చినంత మాత్రమున సమానత్వము కలుగదని 1974లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

1985లో న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతమున, లాగార్డియా కమ్యూనిటీ కళాశాల ఆవరణలో ఇంటర్నేషనల్ హైస్కూలు అను ప్రభుత్వ పాఠశాల ఏర్పడెను. ఆ దేశమునకు వచ్చి నాలుగేండ్లు నిండని, ఆంగ్లము సరిగా రాని పిల్లల కొరకే అది స్థాపింపబడెను. ఇతర చోట్ల తక్కువ మార్కులు తలుపు మూయును. ఇక్కడ ఆంగ్లములో తక్కువ మార్కులే తలుపు తెరచెను. వేర్వేరు భాషల పిల్లలు చిన్న గుంపులుగా కూడి పనిచేయుదురు. లెక్కలు చెప్పువారును, సైన్సు చెప్పువారును తమ పాఠముతో పాటు భాషను కూడ నేర్పుదురు. బిడ్డ తన తల్లిభాషలో ఆలోచించి, తోటివారితో మాటలాడి, పిమ్మట ఆంగ్లములో చెప్పవచ్చును. తల్లి నేర్పిన మాటను గుమ్మము బయట విడిచి రమ్మని ఎవరును ఆజ్ఞాపింపరు. పెంతెకొస్తు దినమున కూడిన జనులు సహా తమ భాషలు మరచి వినలేదు. ఎవరి భాషలో వారు వినిరి గదా.

"వారికి వేరుగా బడి పెట్టుట గోడ కట్టుట కాదా?" అని కొందరడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. బడి వరండాలో విడిగా కూర్చుండబెట్టబడిన తాతల కథలు మన ఇండ్లలో ఇంకను వినబడుచున్నవి. అయితే అణచుటకు వేరుచేయుట ఒకటి, నిలువబెట్టుటకు కొంతకాలము ప్రత్యేకముగా సాకుట మరియొకటి. నారుమడిలో నారు పోయుట పొలములో నాటుటకే. ఏది ఏదో తెలిసికొనుటకు గురుతు ఒక్కటే: ఆ బిడ్డ అందరితో కలియుటకు అక్కడనుండి త్రోవ ఉన్నదా?

ఈ సంగతి దూరదేశమునకు మాత్రమే చెందినది కాదు. ఒడిశా నుండి మన ప్రాంతపు ఇటుక బట్టీలకు వచ్చు కుటుంబములున్నవి. వారి పిల్లల భాష ఒడియా, మన బడి భాష తెలుగు. ఆ బిడ్డను మన బిడ్డల ప్రక్కన కూర్చుండబెట్టిన యెడల మంచిదే. కూర్చుండిన తరువాత వానికి ఏమి తెలియుచున్నదో అడుగువారెవరు? అంతవరకు అడిగినప్పుడే మన వడ్డన న్యాయమగును.