ఈ పుస్తకం తరువాత ఏ పుస్తకం?



మనసుకు నచ్చిన పుస్తకం చివరి పుట మూయగానే చాలామందికి కలిగే ప్రశ్న ఒకటుంది: "ఇలాంటిదే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది?" ఇందులో ఆలోచించవలసినదేముందని మీరనవచ్చు. నిన్నటి కూర రుచిగా ఉంటే ఈ రోజు కూడా అదే వండమనడం వంటిదే గదా! కాని కొంచెం నిదానించి చూస్తే ఈ చిన్న ప్రశ్న వెనుక రెండు పెద్ద ప్రశ్నలు కనిపిస్తాయి. నాకు నచ్చేదే నాకు కావలసినదా? నా చదువు కాలాన్ని ఎవరి మాట నమ్మి ఖర్చు పెట్టాలి?

కాలం సంగతి ముందు లెక్క వేసుకుందాం. ఎన్నూరు పనివారి ఊరు. లారీల కర్మాగారం ఇక్కడే ఉంది. 2001లో రేవు వచ్చింది. షిఫ్టు ముగించుకొని, ఇంటి పనులు చూసుకొని, పిల్లల చదువులు చూసుకొన్న తరువాత మనకు మిగిలేది రోజుకు అరగంట అనుకొందాం. అరగంటకు 15 పుటల చొప్పున సంవత్సరానికి సుమారు 5,500 పుటలు. 250 పుటల పుస్తకాలైతే 22. నలభై ఏళ్ళు ఒక్క రోజూ మానకుండా చదివినా 880 పుస్తకాలే. లండనులో పరిచర్య చేసిన బాప్టిస్టు బోధకుడు చార్లెస్ స్పర్జన్ సొంత గ్రంథాలయంలోనే దాదాపు 12,000 పుస్తకాలు ఉండేవి. గనుక మనం ఒక పుస్తకం చేతిలోకి తీసుకొంటున్నామంటే, మరెన్నో పుస్తకాలను జీవితకాలానికి వదులుకొంటున్నామన్నమాట. అందుకే ఇది రుచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

"ఇలాంటిదే ఇంకొకటి" అని అడగడం ఈ కాలంలో పుట్టిన అలవాటు కాదు. మనలో పెద్దవారికి అద్దె పుస్తకాల దుకాణాలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. రోజుకు కొన్ని పైసలిచ్చి నవల తెచ్చుకొని, చదివి తిరిగి ఇచ్చేవారు. యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ" చదివినవారు అటువంటి ప్రేమకథనే అడిగేవారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కథ ముగించినవారు మరో యుగంధర్ కథ కావాలనేవారు. దుకాణం యజమాని పాఠకుని ముఖం చూసి, కిందటి వారం తీసుకెళ్ళిన పుస్తకం గుర్తు పెట్టుకొని, "అయితే ఇది తీసుకెళ్ళండి" అని చేతిలో పెట్టేవాడు.

ఎన్నూరు వారికి పుస్తకాల కోసం దారి ఇంకొకటి ఉండేది. రైలెక్కి సెంట్రల్‌లో దిగితే ప్రక్కనే మూర్ మార్కెట్టు. పాత పుస్తకాలకు అది పేరుపొందిన చోటు. 1985లో ఆ కట్టడం అగ్నికి ఆహుతి అయింది. ఆ స్థలంలోనే తరువాత లోకల్ రైళ్ళ స్టేషను కట్టారు. ఈనాడు ఎన్నూరు నుండి బయలుదేరిన లోకల్ బండి సరిగ్గా ఆ పేరుతోనే ఉన్న మూర్ మార్కెట్ కాంప్లెక్సులో ఆగుతుంది. పుస్తకాల బల్లలు మాత్రం అక్కడ లేవు.

ఇప్పుడు ఆ దుకాణదారుని పని యంత్రం చేస్తున్నది. 1995లో పుస్తకాల అమ్మకంతో వ్యాపారం మొదలుపెట్టిన అమెజాన్ కంపెనీ ఈ పద్ధతికి దారి వేసింది. ఆ కంపెనీ ఇంజనీర్లే దాని వివరాలను 2003లో ప్రచురించారు. పద్ధతి తేలికగానే అర్థమవుతుంది. ఒక పుస్తకం కొన్నవారు తక్కిన పుస్తకాలలో వేటిని ఎక్కువగా కొన్నారో లెక్క కట్టి ముందుగానే పట్టిక తయారు చేసి ఉంచుతారు. మీరు ఆ పుస్తకం కొనగానే పట్టికలో దాని ప్రక్కన ఉన్న పేర్లు మీకు చూపిస్తారు. అంతే. యంత్రం ఆ పుస్తకాలు చదవలేదు. మిమ్ములను ఎరుగదు. ఎవరు ఏది కొన్నారో దానికి తెలుసు గాని, ఎందుకు కొన్నారో తెలియదు.

దీనివలన మేలు లేదని అనకూడదు. దుకాణంలో వంద పుస్తకాలుంటే యంత్రం దగ్గర లక్షలున్నాయి. అడగడానికి ఎవరూ లేని ఊరిలో ఉన్న చదువరికి అది పేరైనా వినని పుస్తకాన్ని చూపగలదు. అయితే లెక్క మీద నడిచే పద్ధతికి లెక్కలోనే ఒక బలహీనత ఉంది. వేలమంది కొన్న పుస్తకం వేలసార్లు కనిపిస్తుంది. కొద్దిమంది మాత్రమే చదివే పుస్తకానికి ప్రక్కన చేర్చడానికి లెక్కే చాలదు. అది వెనుకనే ఉండిపోతుంది. వెనుక ఉన్నది గనుక ఎవరూ కొనరు. ఎవరూ కొనలేదు గనుక ఇంకా వెనుకకు పోతుంది.

పరరాష్ట్రంలో ఉన్న తెలుగువారికి ఈ సంగతి బాగా తగులుతుంది. తమిళనాడులో 2006లో చేసిన చట్టం ప్రకారం ఒకటవ తరగతితో ఆరంభించి, ఏడాదికొక తరగతి చొప్పున పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి పాఠం అయింది. మైనారిటీ భాషల వారు పరీక్షలలో మినహాయింపు కోసం న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చింది. మన పిల్లలు తమిళం, ఇంగ్లీషు చక్కగా చదువుతారు. అందుకు సంతోషించాలి. కాని ఇంట్లో మాట్లాడే తెలుగును అక్షరాలలో చదవగలవారు తగ్గుతున్న కొద్దీ, తెలుగు పుస్తకం ఏ లెక్కలోనూ ముందుకు రాదు. దానిని ముందుకు తేవలసినది మనిషి నోటి మాటే.

అయితే మనిషి మాట కూడా ఎలాంటిదై ఉండాలి? "ఇలాంటిదే" అనే పోలిక ఎన్ని విధాలుగా ఉండవచ్చునో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒకరికి ఉన్నవ లక్ష్మీనారాయణ గారి "మాలపల్లి" ఎంతో ఇష్టమనుకొనండి. 1922లో వెలువడిన ఈ నవలను ఉన్నవవారు రాయవేలూరు జైలులో ఉండి వ్రాశారు. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది కూడా. "ఇలాంటిదే ఇంకొకటి" అంటే పైపై పోలిక చూచేవాడు స్వాతంత్ర్యోద్యమ కాలపు మరో పల్లెటూరి నవల ఇస్తాడు. అది మంచిదే కావచ్చు. కాని నవల అడిగిన ప్రశ్న ఏమిటి? ఊరి బయట ఉంచబడిన మనిషికి న్యాయం ఎలా కలుగుతుంది? ఆ ప్రశ్నను పట్టుకొని వెళ్ళేవాడు నవల నుండి పద్యకావ్యానికి వెళ్తాడు. గుర్రం జాషువా గారి "గబ్బిలం" 1941లో వచ్చింది. మాలపల్లిని పై కులంలో పుట్టిన సానుభూతిపరుడు వ్రాశాడు. గబ్బిలాన్ని ఆ బాధ అనుభవించిన క్రైస్తవ కవి వ్రాశాడు. అదే ప్రశ్న, కాని అడిగే గొంతు వేరు. ఇంకా ముందుకు వెళ్తే 2000లో వచ్చిన జి. కళ్యాణరావు గారి "అంటరాని వసంతం" ఉన్నది. అందులో తరతరాల దళిత కుటుంబ చరిత్రతో పాటు మిషనరీల రాక, మతం పుచ్చుకోవడం కూడా కథలో భాగాలే. మన తాతముత్తాతల సంగతి అనిపించే పుటలు అందులో చాలామందికి దొరుకుతాయి. దానితో అన్నిచోట్లా ఏకీభవించనక్కరలేదు. మాలపల్లిని ప్రేమించినవారు దానిని తప్పించుకొని పోకూడదని మాత్రం చెప్పవచ్చు.

మూడవ దారి కూడా ఉన్నది: గ్రంథకర్త ఏమి చదివాడో వెదకడం. కాళిదాసు మేఘసందేశంలో మేఘం ప్రియురాలికి వార్త మోసుకొని పోతుంది. జాషువా ఆ కావ్యపు పద్ధతినే తీసుకొని, విరహం స్థానంలో ఆకలిని, మేఘం స్థానంలో గబ్బిలాన్ని పెట్టాడు. తనకు తెలిసిన గొప్ప పుస్తకం వంటిదే మరొకటి వ్రాసి ఊరుకోలేదు. ఆ పుస్తకంలో చోటు దొరకని మనిషిని తీసుకొచ్చి అందులో నిలబెట్టాడు. ప్రియమైన పుస్తకాన్ని నిజంగా గౌరవించడం అంటే ఇదే గదా!

బాప్టిస్టులకు బాగా పరిచయమైన మరో చదువరి జాన్ బనియన్. చిన్నతనంలో అతనికి ఇష్టమైనవి వీధులలో అమ్మే వీరుల కథలు, పాటల పుస్తకాలు. తనవలెనే బీదదైన అమ్మాయిని పెండ్లి చేసుకొన్నాడు. వారి ఇంట్లో సరైన పాత్ర సామగ్రి కూడా లేదు. ఆమె వెంట తెచ్చుకొన్నవి తండ్రి విడిచిపోయిన రెండు భక్తి పుస్తకాలు. ఆ రెండూ అతనికి ఇష్టమైన కథల వంటివి ఏ మాత్రం కావు. అయినా ఆలుమగలు కలిసి చదివారు. తరువాత చినిగిపోవడానికి సిద్ధంగా ఉన్న పాత ప్రతి ఒకటి చేతికి వచ్చింది. అది గలతీ పత్రికకు లూథర్ వ్రాసిన వ్యాఖ్యానం. బైబిలు తరువాత తనకు దానికంటె ప్రియమైనది లేదని అతడే వ్రాసుకొన్నాడు. యంత్రం ఆనాడు ఉండి ఉంటే ఆ యువకునికి మరో వీరకథ చూపించి ఉండేది. అయితే ఒకటి గమనించండి: 1678లో అతడు ప్రచురించిన యాత్రికుని ప్రయాణంలో రాక్షసులు, కోటలు, కత్తియుద్ధాలు ఉన్నాయి. చిన్ననాటి కథల రుచి ఎక్కడికీ పోలేదు. దాని ప్రక్కన వేరే రుచి వచ్చి చేరింది, అంతే. గనుక ఇష్టమైనదానిని విడిచిపెట్టమని ఎవరూ చెప్పనక్కరలేదు. అదొక్కటే ఉండిపోకుండా చూసుకొంటే చాలు.

"రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికి ఇన్ని ఉపదేశాలు ఎందుకు? హాయిగా ఒక కథ చదువుకోనివ్వండి" అని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయముంది. విశ్రాంతి కోసం చదవడం తప్పు కాదు. అలసినవాని చేతిలోని డిటెక్టివ్ నవలను చూసి ముఖం చిట్లించే పెద్దలవలన చదువు మానేసినవారే ఎక్కువ. కాని విశ్రాంతి కోసం చదివేది వేరు, మనలను ఎప్పుడూ మార్చని పుస్తకాలను మాత్రమే ఏరుకోవడం వేరు. మొదటిది అలసట తీరుస్తుంది. రెండవది మనకు ముందే తెలిసినదాన్ని మనకే మళ్ళీ చెప్పి పొగుడుతుంది.

ఇక సలహా ఇచ్చేవాని బాధ్యత. ఒకరికి పుస్తకం చెప్పడమంటే ఎదుటివాని గంటలను అడిగి తీసుకోవడమే. స్పర్జన్ 1876లో బీద బోధకుల కోసం వ్యాఖ్యాన గ్రంథాల జాబితా ఒకటి ప్రచురించాడు. అందులో సుమారు 1,400 గ్రంథాలున్నాయి. ఏవి కొనవచ్చో చెప్పడమే కాక, ఏవి పనికిరావో కూడా మొహమాటం లేకుండా వ్రాశాడు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారి కోసం వ్రాస్తున్నానని ఎరిగి వ్రాశాడు. మనమైతే చదవని పుస్తకాన్ని కూడా పేరు విని "చాలా మంచిది" అంటాము. యంత్రాన్ని ఎందుకు చెప్పావని అడగలేము. మనిషిని అడగవచ్చు. మనిషి సలహాకు విలువ అక్కడే ఉన్నది.

అపొస్తలుల కార్యములలో ఫిలిప్పు ఐతియొపీయుని కలుసుకొన్న విధం కూడా ఇక్కడ ఆలోచించదగినది. రథంలో కూర్చున్న ఆ మనిషి చేతిలో అప్పటికే ఒక గ్రంథం ఉన్నది. ఫిలిప్పు దానిని ప్రక్కన పెట్టమనలేదు. చదువుతున్నది తెలుస్తున్నదా అని ముందు అడిగాడు. పిలిచిన తరువాతనే రథమెక్కాడు. ఆ మనిషి చదువుతున్న చోటి నుండే మాట్లాడడం మొదలుపెట్టాడు. మంచి సలహాదారుడు తన ఇష్టంతో కాక, ఎదుటివాని చేతిలో ఉన్న పుస్తకంతో మొదలుపెడతాడు. అయితే అక్కడే ఆగిపోడు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు వ్రాశారు. చదువరికి తగిన పుస్తకం అందాలన్నది అందులో ఒకటి. పుస్తకానికి తగిన చదువరి అందాలన్నది మరొకటి. మొదటి దానిని మనమందరం కోరుకొంటాము. రెండవ దానిని తలచేవారు తక్కువ. మన బీరువాలలో నిద్రపోతున్న తెలుగు పుస్తకాలకు చదువరులను వెదకవలసినది ఎవరు?

గనుక ఒక చిన్న ఏర్పాటు మీ ముందుంచుతున్నాను. ఇక మీదట చదివే ప్రతి మూడు పుస్తకాలలో ఒకటి మీకు ఇష్టమైన దాని వంటిదే కానివ్వండి. రెండవది, ఇష్టమైన పుస్తకం అడిగిన ప్రశ్ననే మరో గొంతుతో అడిగేది కావాలి. మూడవది, మీకంటె వేరే వయస్సు గలవారు ఇచ్చినది కావాలి. తాతగారు మనుమరాలికి ఒక తెలుగు పుస్తకం ఇవ్వాలి. మనుమరాలు తనకు నచ్చిన తమిళ లేక ఇంగ్లీషు పుస్తకం గురించి తాతగారికి చెప్పాలి. పాప తెలుగు చదవలేకపోతే తాతగారే రోజుకు రెండు పుటలు చదివి వినిపించవచ్చు. ఇచ్చేటప్పుడు మొదటి పుటలో చిన్న కాగితం ముక్క పెట్టి, ఇది నీకే ఎందుకు ఇస్తున్నానో రెండు వాక్యాలలో వ్రాయండి. ఆ రెండు వాక్యాలు వ్రాయలేకపోతే ఆ పుస్తకం ఇంకొకరికి ఇవ్వవలసినదేమో ఆలోచించండి.