చేట ముందు అంచు

అమ్మమ్మ బియ్యం చెరుగుతూ కూడా కబుర్లు ఆపేది కాదు. వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, చేటను రెండు పక్కలా పట్టుకుని ఎగరేస్తుంటే ఊక అంచు దాటి పోయేది, బియ్యం మాత్రం తన ఒడి వైపే వచ్చి పడేవి. అదంతా ఆమె చేతి చలవే అనుకునేవాణ్ణి. అందులో సగం చేటదని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

ఆమె పోయాక ఆ చేట మా ఇంటికి వచ్చింది. ఒకరోజు పెసరపప్పు చెరగబోతూ మొదటిసారి దాన్ని తీరిగ్గా చూశాను. మూడు వైపులా గట్టు, నాలుగో వైపు ఏమీ లేదు. అక్కడ కూడా గట్టు కడితే తట్ట అవుతుంది, చేట కాదు. వెనక లోతు, ముందుకు వచ్చేకొద్దీ వెడల్పు. పైకి లేచే చేట విసనకర్రలా గాలిని తోస్తుంది. తేలికైన పొట్టు ఆ గాలికి ముందుకు పోతుంది, బరువైన గింజ వెనక్కి పడుతుంది. కళ్లంలో తూర్పారబట్టాలంటే గాలి కోసం కాచుకోవాలి. వంటింటి చేట తన గాలిని తానే పుట్టించుకుంటుంది! దానికి పిడి కూడా లేదు, గట్టే పిడి. అదే చేటను ఎగరేయకుండా పక్కలకు ఆడించి నేమితే నూకలు వేరు, బియ్యం వేరు.

వెదురు బద్దల అల్లికలో సందులు తప్పవు. అందుకే మెంతులు, పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, చేటకు పూసి ఎండబెట్టేవాళ్లు. మెంతుల జిగురు సందుల్ని పట్టేసేది. ఒకసారి ప్లాస్టిక్ చేట కొన్నాను. దాని నునుపుకు గింజ నిలవదు, పొట్టుతో పాటే జారిపోతుంది. గరుకు కూడా అవసరమేనని అప్పుడు అర్థమైంది.

చేట మన మాటల్లోకీ వచ్చింది. సంతోషం పట్టలేనివాడి ముఖం చేటంత అయిందంటాం. వినాయకుణ్ణి శూర్పకర్ణుడన్నది ఆ చేట చెవుల వల్లనే.

ఇలాంటి వాడుక వస్తువును ఎలా చూడాలో చూపినవాళ్లు ఉన్నారు. 1958లో భారత ప్రభుత్వం కోరిక మీద చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు ఒక నివేదిక రాశారు. అహ్మదాబాద్‌లో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది దాని వల్లనే. అందులో వాళ్లు అన్నిటికన్నా మెచ్చుకున్నది చెంబును. చేతిలో ఎలా అమరుతుంది, నిండితే బరువు ఎటు తూగుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, పాతబడ్డాక ఆ లోహానికి ఎంత వస్తుంది అని ఎన్నో ప్రశ్నలు వేసుకున్నారు. ఏ ఒక్కరో దాన్ని రూపొందించలేదని, తరతరాలుగా ఎందరో కలిసి చేశారని గుర్తించారు. నాకు ఆ ప్రశ్నలంటే గౌరవం. చేటను కూడా అలాగే అడగాలి, కాకపోతే అది కదులుతున్నప్పుడు అడగాలి. చెంబు ఊరికే పెట్టి ఉంచినా అందంగానే ఉంటుంది. చేట సొగసు ఆడిస్తేనే కనబడుతుంది. రంగులు పూసి, అద్దాలు అతికించి గోడకు తగిలించిన చేటల్ని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఈ రూపాన్ని ఎవరో ఒక్కరు కనిపెట్టలేదు, నిజమే. కానీ సంతలో మన ముందున్న ఆ చేటను మాత్రం ఒక మనిషే అల్లాడు, లేదా అల్లింది. ఈసారి మేదరివాళ్ల దగ్గర చేట కొంటే బేరమాడకండి. అల్లినవాళ్ల పేరు అడిగి తెలుసుకోండి.