చెప్పనిదంతా ధ్వని అవుతుందా? : 'నెవర్ లెట్ మీ గో' నవలలోని మౌనం

కజువో ఇషిగురో నవల 'నెవర్ లెట్ మీ గో' 2005లో వెలువడింది. కథాకాలం 1990ల చివరి ఇంగ్లండు. అవయవాల కోసమే క్లోనింగ్ ద్వారా సృష్టించిన పిల్లలు హేల్‌షామ్ అనే వసతి పాఠశాలలో పెరుగుతారు. పెద్దయ్యాక మొదట తోటివారికి సంరక్షకులై, తరువాత దాతలై, సాధారణంగా నాలుగవ 'దానం' నాటికి మరణిస్తారు. కథ చెప్పేది 31 ఏళ్ల కాథీ. ఆమె గొంతులోని నెమ్మది, ఒక జ్ఞాపకాన్ని మరొకదానితో ముడివేసే తీరు, మరణాన్ని 'పూర్తికావడం' అనే మాటతో కప్పడం ఈ వచనానికి అపూర్వమైన ఆర్ద్రతనిచ్చాయి. అయితే ఆ వచనం నిలబెట్టవలసిన లోకం మాత్రం పలుచగా మిగిలింది. ఈ వ్యవస్థను ఏ చట్టం నడుపుతున్నది? దాతలెవరూ ఎందుకు పారిపోరు? నవల చెప్పదు. మనుషులను అవయవాల నిల్వగా మార్చిన సమాజాన్ని చిత్రించేటప్పుడు ఇటువంటి మౌనం కేవలం శిల్ప విషయం కాదు. నైతిక విషయం కూడా.

కథకురాలి పరిమిత దృక్కోణమే ఇందుకు కారణమని సమర్థించవచ్చు. శాస్త్ర వివరాల వరకు ఈ సమర్థన అంగీకార్యమే. డాలీ గొర్రెపిల్ల 1996లోనే పుట్టింది కనుక 2005 నాటి పాఠకునికి క్లోనింగ్‌ను వివరించనక్కరలేదు. కాని కాథీ పదకొండేళ్లకు పైగా సంరక్షకురాలు. కారులో ఒంటరిగా దేశమంతా తిరిగిన మనిషి. పారిపోవాలన్న తలంపే కలగనీయని పెంపకం ఆమెదనుకుందాం. పిల్లలకు చెప్పీ చెప్పనట్లు చెప్పారన్న మిస్ లూసీ ఆవేదన ఆ సూచనే ఇస్తుంది. అయితే హేల్‌షామ్ ఒక మినహాయింపు మాత్రమేననీ, ఇతర చోట్ల పిల్లలు దుర్భర స్థితిలో పెరుగుతున్నారనీ మిస్ ఎమిలీయే చెబుతుంది. ఆ మెత్తని పెంపకం ఎరుగనివారు ఎందుకు కదలలేదు?

వెలుగు కోరేవాడు దీపశిఖను జాగ్రత్త చేసుకున్నట్లు, వ్యంగ్యార్థాన్ని కోరేవాడు వాచ్యార్థాన్ని ఆదరించాలని ఆనందవర్ధనుడు భావించాడు. ఈ గీటురాయిపై నవలలోని మౌనాలన్నీ ఒకే విలువకు నిలవవు. అవయవం పొందిన మనిషిగా నవల ఒక్కరినీ చూపదు. (తొలి పఠనంలో నేనూ వారి గురించి అడగలేదు, కాథీ కోసం కన్నీరు పెట్టడంతోనే సరిపోయింది.) అవయవాలు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆలోచించకుండా ఉండటానికే జనం ఇష్టపడ్డారని మిస్ ఎమిలీ అన్నప్పుడు, ఆ జనంలో పాఠకుడూ ఉన్నాడని తెలిసివస్తుంది. ఇక్కడ దీపం ఉంది. అందుకే మౌనం ధ్వనించింది. పారిపోకపోవడం విషయంలో అటువంటి వాచ్యాధారం లేదు. అక్కడ ఉన్నది వాక్య సౌందర్యమే. అది ప్రశ్నకు సమాధానం ఇవ్వదు; ప్రశ్నను మరపిస్తుంది.

చివరి పుటలో నార్ఫోక్ పొలాల వద్ద నిలిచిన కాథీ కాసేపు ఊహకు లోబడి, మళ్లీ కారెక్కి తాను చేరవలసిన చోటికే బయలుదేరుతుంది. ఆపేవారు లేరు, వెంట తరిమేవారూ లేరు. ఎన్నిసార్లు చదివినా ఆ వాక్యం నన్ను కదిలిస్తూనే ఉంది. ఆమె అటే ఎందుకు వెళ్లిందో చెప్పే ఆధారం మాత్రం నవలలో నాకు దొరకలేదు.