వీలునామాకెక్కని ఆస్తి

1616లో స్ట్రాట్‌ఫర్డ్‌లో కన్నుమూసిన షేక్‌స్పియర్ తన వీలునామాలో ఇల్లు, భూములు, వెండి గిన్నె, చివరకు ఒక మంచాన్ని సైతం పేర్కొన్నాడు. నాటకాల ప్రసక్తి మాత్రం లేదు. ఆనాటి ఆనవాయితీని బట్టి అవి నాటక బృందం సొత్తు. తోటి నటులు హెమింగ్స్, కాండెల్, బర్బేజ్‌లకు స్మృతిచిహ్నంగా ఉంగరాలు కొనుక్కొమ్మని కొంత పైకం కేటాయించాడు.

బర్బేజ్ 1619లో మరణించాడు. మిగిలిన ఇద్దరూ 1623లో 36 నాటకాలను ఒకే సంపుటంగా వెలువరించారు. వాటిలో దాదాపు సగం అంతవరకు అచ్చు కానివే. ‘మాక్‌బెత్’, ‘టెంపెస్ట్’ ఆ కోవలోనివి. ఆ పూనిక లేకుంటే అవి మనకు దక్కేవి కావేమో!

రచనకు ప్రతిభ మూలం. అది నిలవడానికి మరొకరి శ్రద్ధ అవసరం. ఏ చట్టమూ విధించని ఆ బాధ్యతను మిత్రులు తమదిగా భావించారు. మహాకవిని స్మరించేవేళ ఆ ఇద్దరినీ తలచుకోవడం మన కనీసధర్మం.