భుజం మీద చెయ్యి

గుడివాడలో మా బాబాయికి ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, వీటితోపాటు పోయినవాళ్ళ ఫోటోలు. పాతతరంలో చాలామందికి విడిగా ఫోటో ఉండదు. ఏ పెళ్ళి గుంపులోనో నిలబడ్డ మనిషిని కత్తిరించి, వెనక నీలం రంగో మబ్బులో పెట్టి, ఫ్రేము కట్టి ఇస్తారు. దానికి దండ వేస్తారు.

ఈ పని తేలికవుతుందని బాబాయికి ఒక చిన్న డెస్క్‌టాప్ అప్లికేషన్ రాసిచ్చాను. బొమ్మని ఎంచుకుంటే డైలాగ్ విండో తెరుచుకుంటుంది. అందులో కత్తిరించిన మనిషి, వెనక మనకి నచ్చిన రంగు, కింద పేరు, తేదీలు. అంతే.

మొదటి రోజే తేడా కొట్టింది. పేరు రాసే లేబుల్‌కి బ్యాక్‌గ్రౌండ్ ‘ట్రాన్స్‌పరెంట్’ అని పెట్టినా, ఫోటో మీద పేరు చుట్టూ బూడిదరంగు పట్టీ వచ్చింది. “ఏంట్రా, పేరుకి బ్యాండేజీ కట్టావా?” అన్నాడు బాబాయి.

కారణం తెలిశాక నవ్వొచ్చింది. విండోస్ ఫామ్స్‌లో పారదర్శకం అని చెప్పుకునే కంట్రోల్ నిజానికి తన వెనక ఏముందో చూడదు. తన పేరెంట్‌ని, అంటే తను కూర్చున్న విండోని, “ఇక్కడ నీ రంగేంటి?” అని అడిగి ఆ రంగే తన ఒంటికి పూసుకుంటుంది. అదే విండోకి పుట్టిన పిక్చర్‌బాక్స్ సరిగ్గా తన కిందే ఉన్నా పట్టించుకోదు. తోబుట్టువులు ఒకరికొకరు కనపడరన్నమాట. దీనికి రెండు మార్గాలు. లేబుల్‌ని ఆ పిక్చర్‌బాక్స్‌కే దత్తతివ్వాలి. లేదా కంట్రోల్స్ గొడవ మానేసి వెనకనుంచి ముందుకి వరసగా అన్నీ మనమే గీసుకోవాలి. నేను రెండోది చేశాను.

“నాకేం దాపరికం లేదండీ, నేను ఓపెన్” అనేవాళ్ళని చూసినప్పుడల్లా ఇప్పుడు నాకా లేబుల్ గుర్తొస్తోంది. వాళ్ళలో నేనూ ఉన్నాను. పెంచిన ఇంటి రంగు పూసుకుని, అదే నిర్మలత్వం అనుకుంటాం. పక్కవాడు మన వెనకే ఉన్నా మనలోంచి ఎవరికీ కనపడడు.

బొమ్మల లోకంలో పారదర్శకత గుణం కాదు, లెక్క. ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలంతోపాటు ఆల్ఫా అని నాలుగో అంకె ఉంటుంది. సాధారణంగా 0 నుంచి 255 దాకా. 255 అయితే వెనకది అసలు కనపడదు, 0 అయితే వెనకదే కనపడుతుంది. 1970ల చివర్లో న్యూయార్క్‌లో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ ఈ ఆలోచన చేశారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ దాని గణితాన్ని పద్ధతిగా రాసిపెట్టారు.

ఇది మా వైపు వాళ్ళకి మరీ కొత్త సంగతేం కాదు. గుడివాడ నుంచి బందరు రైలెక్కితే పెడన వస్తుంది. అక్కడ కలంకారీ చేసేవాళ్ళు ఎరుపు రావలసిన చోట అచ్చుతో పటిక అద్దుతారు. అద్దినప్పుడు ఆ ఎరుపు కనపడదు. తర్వాత ఎర్ర రంగు మరిగే కాగులో గుడ్డని ఉడికిస్తే, పటిక ఉన్న చోటే రంగు పట్టుకుంటుంది. మిగతా చోట నిలవదు. పటికకి ఆ ఎరుపు లేదు, కానీ ఎరుపు ఎక్కడ ఉండాలో చెప్పేది అదే. ఆల్ఫా కూడా అంతే. ఏది ఉండాలి, ఏది పోవాలి అని ముందే ఎవరో తీర్పు చెప్పేసి ఉంటారు. మనకి కనపడేది ఆ తీర్పు తర్వాతి బొమ్మ.

ఆ తీర్పు చెప్పడం నా వంతైన రోజు ఒకటి వచ్చింది.

డెబ్భై దాటిన ఒక మామ్మగారు నలుపు తెలుపు ఫోటో పట్టుకుని వచ్చారు. ఆవిడ పెళ్ళినాటిది. పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దగ్గర పల్లె. ఆవిడ గుడివాడకి కాపురానికి వచ్చిన మరుసటి ఏడే, 1977 నవంబరు 19న, ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10 వేల మంది పోయారు. ఆవిడ పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఫోటో అత్తారింట్లో ఉంది కాబట్టి మిగిలింది. మనవడి గృహప్రవేశానికి అన్నగారి ఫోటో ఫ్రేము కట్టించాలని వచ్చారు.

ఫోటోలో అన్నగారి భుజం మీద ఒక చెయ్యి ఉంది.

“ఎవరండీ ఈయన?”

“మా అన్న నేస్తుడు బాబూ. పక్కిల్లే. వాళ్ళింట్లోనూ ఎవరూ మిగల్లేదు. ఆ చెయ్యి తీసెయ్, ఫ్రేములో బాగోదు.”

చెయ్యి తియ్యడమంటే మూడు దారులు. వేళ్ళ మీద చొక్కా గుడ్డ పులమొచ్చు, అది అబద్ధం. వేళ్ళు ఉంచి చెయ్యి నరకొచ్చు, అది భయంకరం. లేదా ఆ మనిషిని మొత్తంగా ఉంచాలి. అప్పుడు అడిగిన ఫోటో కాదు. అన్న ఆవిడవాడు, ఫోటో ఆవిడది. మరి ఆ చెయ్యి ఎవరిది? బహుశా ప్రపంచంలో ఆ మనిషి బొమ్మ ఇదొక్కటే. అతని తరఫున మాట్లాడ్డానికి ఎవరున్నారు?

బాబాయితో అంటే, “మనం దండకి ఫోటో చేస్తున్నాం, చరిత్ర రాయట్లేదు. ఒరిజినల్ ఆవిడ దగ్గరే ఉంటుందిగా” అన్నాడు. నిజమే. కానీ ఒరిజినల్ ట్రంకు పెట్టెలోకి పోతుంది, ఫ్రేము గోడెక్కుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత పిల్లలు నమ్మేది గోడనే. వాళ్ళకి ఆ తాతయ్య ఎప్పుడూ ఒంటరిగా నిలబడ్డ మనిషే అవుతాడు.

డైలాగ్ విండో తెరిచి, ఆవిడ ముందే ఆ స్నేహితుడి ఆల్ఫాని కొంచెం కొంచెంగా తగ్గించి చూపించాను. మసగ్గా, నీడలా మిగిలాడు. ఇది మధ్యేమార్గం అనుకున్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. “దయ్యంలా ఉన్నాడు బాబూ. ఉంచితే మనిషిలా ఉంచు, లేదంటే తీసెయ్.”

నా తెలివి అక్కడితో సరి. సగం ఉంచడం గౌరవం కాదని ఆవిడకి వెంటనే తెలిసింది.

తీసేశాను. చొక్కా పులిమాను. అయితే పి.ఎన్.జి. ఫైలులో ఒక చిత్రం ఉంది. ఆల్ఫా 0 అయిన పిక్సెల్ కింద కూడా పాత రంగు అంకెలు అలాగే ఉండొచ్చు, మనం కావాలని చెరిపితే తప్ప. నేను చెరపలేదు. ఆ ఫైల్లో అతని మొహం ఇంకా ఉంది, కనపడదంతే. దాచడం వేరు, చెరపడం వేరు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఎవరూ చూడని చోట ఉంచడం ఉంచడమేనా? నా మనసు కుదుటపడ్డానికి చేసిన పనేమో.

చివరికి ఒకటి అడిగాను. “మామ్మగారూ, ఫ్రేము వెనక అట్టకి అసలు ఫోటో చిన్న కాపీ అంటించనా? ఇద్దరి పేర్లూ రాసి?”

“వెనక్కి తిప్పి ఎవరు చూస్తారు బాబూ?” అని నవ్వారు. కాసేపాగి అతని పేరు చెప్పారు. ఇంటిపేరు గుర్తు తెచ్చుకోడానికి చాలాసేపు పట్టింది.