గంగని తాగేసిన ఋషి, వత్సవాయి కాలవ

మొన్న వీడియోలో గంగావతరణం చెప్పుకున్నాం కదా. అందులో జహ్ను మహర్షి ఘట్టం ఒక్కటి విడిగా రాద్దామని ఆపి ఉంచాను. దాని వెనక కొంచెం ఇంజనీరింగు, కొంచెం సైకిల్ తొక్కడం, చాలా ఎక్కువ నీళ్ల గొడవ ఉన్నాయి మరి.

ముందు కథ. భగీరథుడు అంత తపస్సు చేసింది గంగ భూమ్మీద దిగితే చాలని కాదు. ఆ నీళ్లు పాతాళం దాకా వెళ్లాలి. అక్కడ కపిల మహర్షి కోపానికి బూడిదైపోయిన సగరుడి కొడుకులు అరవై వేల మంది ఉన్నారు. వాళ్ల బూడిద తడిస్తేనే వాళ్లకి సద్గతి. అంటే మొదటి రోజు నుంచీ ఈ ప్రాజెక్టంతా చివర ఉన్నవాళ్ల కోసమే. శివుడు జటాజూటంలో పట్టి, వదిలాడు. భగీరథుడి రథం ముందు, గంగ వెనక. ఇక అంతా సాఫీ అనుకునే టైమ్‌కి దారిలో జహ్ను మహర్షి యజ్ఞవాటిక వచ్చింది. గంగ దాన్ని ముంచేసింది. ఆయనకి కోపం వచ్చి గంగ మొత్తాన్ని తాగేశాడు. దేవతలూ ఋషులూ వచ్చి ప్రార్థిస్తే మళ్లీ చెవుల్లోంచి వదిలాడు. అందుకే గంగకి జాహ్నవి అని పేరు. వాల్మీకి రామాయణం బాలకాండలో ఉంటుందిది.

చిన్నప్పుడు ఇదంతా నాకు కార్టూన్ సీన్ లాగే అనిపించేది. పోయిన ఆదివారం వత్సవాయి దగ్గర కాలవ కట్ట మీద సైకిల్ తొక్కుతుంటే దీని లోతు అందింది.

మేం తొమ్మిది మందిమి. అందరం సాఫ్ట్‌వేరు, బ్యాంకు బాపతే. తెల్లారుజామున జగ్గయ్యపేటలో బయల్దేరి, వత్సవాయి, అక్కడి నుంచి కాలవ గట్లు పట్టుకుని పోలంపల్లి వైపు, మునేరు పక్కగా పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి దర్శనం, సాయంత్రానికి వెనక్కి. ఇదీ ప్లాను. ఉమ్మడి కృష్ణా జిల్లా అనగానే చాలామంది డెల్టా, కొబ్బరి చెట్లు ఊహించుకుంటారు. ఇది అది కాదండీ. ఇది మెట్ట. పత్తి, మిర్చి, మామిడి తోటలు. ముందురోజు వాన పడిందేమో, నల్లరేగడి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దలా పట్టేసేది. ప్రతి అరకిలోమీటరుకీ ఎవడో ఒకడు దిగి పుల్లతో గీక్కోవడమే. ఇరవై ఒక్క గేర్ల సైకిల్ మీదున్న మావాణ్ణి పాలక్యాను తగిలించిన మామూలు సైకిల్ మీద ఒక పెద్దాయన నవ్వుకుంటూ దాటేసి వెళ్లిపోయాడు.

ఆ నీళ్లు నాగార్జునసాగర్ ఎడమ కాలవవి. లాల్ బహదూర్ కాలవ అని దాని పేరు. కృష్ణ ముక్త్యాల దగ్గర ఈ ప్రాంతాన్ని ఆనుకునే పారుతున్నా, ఏరు పల్లంలో, పొలం మెరకలో. నీళ్లు ఎక్కవు. కాబట్టి ఎక్కడో పైన, సాగర్ దగ్గర నది నుంచి విడదీసి, భూమి వాలు చూసుకుంటూ నల్గొండ, ఖమ్మం మీదుగా తిప్పి తీసుకురావాలి. ఆ డ్యామ్ కోసం ఎంతో పట్టుబట్టినవాళ్లలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు ఒకరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. పన్నెండేళ్లు! భగీరథ ప్రయత్నం అనే మాట ఊరికే పుట్టలేదు.

మన మెట్ట మాత్రం ఆ కాలవకి చివరి ఆయకట్టు. 2014 తర్వాత పైభాగం ఒక రాష్ట్రం, చివర ఇంకో రాష్ట్రం.

ఒక తూము దగ్గర ఆగి నీళ్లు తాగుతుంటే ఒక రైతు పలకరించాడు. మావాడొకడు ఉత్సాహంగా, "బాబాయ్, కాలవ నిండుగా ఉందిగా, ఇంకేం!" అన్నాడు.

"ఇక్కడ నిండుగా ఉంటే సరా బాబూ? నా చేను ఆ చివర. ఇక్కడ నిండితే అక్కడ తడి అవుద్ది, అంతే."

"మరి పైవాళ్ల మీద కోపం రాదా?"

"ఎందుకు రాదూ? కానీ వాళ్లకీ అప్పులేగా, వాళ్లదీ పంటేగా. తూము ముందు చేనున్నోడు ఎవడైనా ఇంకో తడి పెట్టుకుందామనే చూస్తాడు. నా చేను అక్కడుంటే నేనూ అంతే."

నాకు జహ్ను మహర్షి గుర్తొచ్చింది అప్పుడే. ఆయన రాక్షసుడు కాదు, దొంగ కాదు. యజ్ఞం చేసుకుంటున్న ఋషి. ఆయన కోపానికి న్యాయమైన కారణమే ఉంది. నీళ్లు మధ్యలో ఆపేసే ప్రతివాడి దగ్గరా ఒక యజ్ఞం ఉంటుంది. ఈఎంఐ ఒక యజ్ఞం, ఫ్లాటు ఒక యజ్ఞం, పిల్లల స్కూలు ఒక యజ్ఞం. అబద్ధాలు కావవి, నిజమైన అవసరాలే. అందుకే ఆ చివర బూడిద ఎదురుచూస్తోందని మనకి గుర్తుండదు.

మనలో ఎంతమందిమి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగు చదివాం? నేను చదివాను. ఇంటి దగ్గర మిర్చి కోతల డబ్బులతో హాస్టల్ కట్టాం. ఆ మిర్చికి తడి ఇచ్చింది ఇలాంటి కాలవే. అప్పుడు మనం చివరి ఆయకట్టు. ఇప్పుడు జీతం మెసేజ్ వచ్చే ఒకటో తారీఖున మనం ఎక్కడున్నాం? తూము ముందు. మనకి ఉద్యోగం రిఫరల్ ఇచ్చిన సీనియర్ ఉన్నాడు. మన ఊరి జూనియర్ రెజ్యూమె వాట్సాప్‌లో ఎన్నాళ్ల నుంచి పడి ఉంది?

జహ్ను మహర్షి గంగని కడుపులోనే ఉంచేసుకుని ఉంటే ఆయన పేరు మనకి తెలిసేదా అని నా అనుమానం. వదిలాడు కాబట్టి గంగ ఆయనకి కూతురైంది. తన యజ్ఞం తను చేసుకుంటూనే వదిలాడు, అది ముఖ్యం. అన్నీ మానేసి సన్యాసం పుచ్చుకోమని ఇక్కడ ఎవరూ అనట్లేదు. సాగర్ కాలవల కింద వారబందీ అని ఒక పద్ధతి ఉంది: ఇన్ని రోజులు నీకు, తర్వాత ఇన్ని రోజులు కిందవాడికి. నీ వంతు నీదే. వంతు అయ్యాక షట్టర్ దించాలి. నా మటుకు ఇంతకంటే సూటిగా ధర్మం చెప్పడం కష్టం.

మధ్యాహ్నం మునేటి పక్కన ఉసిరి చెట్టు కింద వనభోజనం చేశాం. పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం. తొమ్మిదిమందిలో ఇద్దరు వడ్డన. మన పెళ్లిళ్లలో వడ్డించేవాడి కన్ను ఎక్కడుంటుందో గమనించారా? చివరి బంతి మీద. మొదటి బంతికే బూరెలు ఖాళీ చేస్తే వాణ్ణి ఊరంతా తిడతారు. గీతలో కృష్ణుడు తన కోసమే వండుకు తినేవాడి గురించి అన్న కఠినమైన మాట మన వంటవాళ్లకి చదవకుండానే వచ్చినట్టుంది.

ఆ మాట మూడో అధ్యాయంలో ఉంది. ఈ వారం 9 నుంచి 16 దాకా ఎనిమిదే శ్లోకాలు చదవండి. అన్నం, వాన, యజ్ఞం, కర్మ ఒకదాన్నొకటి ఎలా తిప్పుతున్నాయో వరసగా వస్తుంది. 16లో చక్రం అనే మాట దగ్గర ఆగండి. వచ్చే వీడియో అక్కడి నుంచే.