పట్టుకొనిన చెయ్యి

1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌లోనైనను, మన పల్లెలోని చిన్న మందిరములోనైనను, వివాహ సమయమున వధూవరులు ఒకరి కుడిచేతిని ఒకరు పట్టుకొని ప్రమాణము చేయుదురు. సంఘమంతయు చూచుచుండగా పట్టుకొనిన ఆ చెయ్యి తరువాత ఏమగుచున్నది? పదియేండ్లు గడచిన పిమ్మట అనేక గృహములలో అది పడకయందు తాకును, లేదా కోపమందు తాకును. మధ్యకాలమంతయు దూరముగానే యుండును. "పిల్లలు పెరిగినారు, ఇప్పుడేమి సరసము?" అందురు. ప్రియులారా, ఇది సరసమా? లేక మనము చెల్లింపవలసిన ఋణమా?

2006లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడైన జేమ్స్ కోన్, ఆయన తోటివారును 16 మంది వివాహిత స్త్రీలను పరీక్షించిరి. కాలికి కరెంటు తగులవచ్చునని చెప్పి, ఆ భయములో వారి మెదడును యంత్రముతో చూచిరి. భర్త చెయ్యి పట్టుకొనినప్పుడు మెదడులోని కలవరము, అపరిచితుని చెయ్యి పట్టుకొనినప్పటికంటె ఎక్కువగా తగ్గెను. దాంపత్యములో సఖ్యత ఎక్కువైన కొలది నెమ్మదియు ఎక్కువాయెను.

2022లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయము వారు 76 మందిని పరీక్షించిరి. అతి చల్లని నీటిలో చెయ్యి ముంచుటకు ముందు తన జతగానిని కౌగిలించుకొనిన స్త్రీల దేహములో, కలవరమప్పుడు పుట్టు కార్టిసాల్ అను రసము తక్కువగా పెరిగెను. పురుషులలో ఆ భేదము కనబడలేదు. సహోదరులారా, ఇది గమనింపుడి. నాకు అక్కరలేదు గనుక ఆమెకును అక్కరలేదని తలంచువాడు తన కొలతతో ఆమెను కొలుచుచున్నాడు.

అయితే ప్రతి చెయ్యియు మందు కాదు. రాత్రి త్రాగి కొట్టిన చెయ్యి ఉదయమున తల నిమిరినను ఆమె ఉలికిపడును. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయములో భార్య దేహముపై భర్తకు అధికారము కలదని చెప్పి అంతటితో ఆగలేదు. భర్త దేహముపై భార్యకును అదే అధికారము కలదనెను. ఇద్దరికి సమానమైన చోట బలవంతమునకు తావు లేదు. వద్దనినప్పుడు ఆగు చెయ్యియే రమ్మనినప్పుడు ఓదార్చగలదు.

రక్తపోటుకు వైద్యుడిచ్చిన మాత్రలు మానవలదు. కాని మాత్ర చేయలేని పని యొకటి చెయ్యి చేయును. యేసు ప్రభువు మాటతోనే స్వస్థపరచగలిగియు, జ్వరముతో పడియున్న పేతురు అత్తను చెయ్యి పట్టుకొని లేవనెత్తెను. మిరపకాయలు ఏరి, మండుచున్న చేతులతో మీ భార్య ఇంటికి వచ్చినప్పుడు, ఆమెను నీళ్లడుగక మునుపు ఆ చేతులు కడిగి, మీ చేతులలో కాసేపు ఉంచుకొనుడి.